వేలి నుంచి మోచేతి దాకా

మంచం పట్టిన అత్తగారు తన ఒంటి మీద పరాయివాళ్ల చెయ్యి పడనిచ్చేది కాదు. భర్త లారీ ఎక్కితే ఎప్పుడొస్తాడో తెలియదు. దాంతో కోడలికి గుమ్మం దాటడమే గగనమైంది. డబ్బా మూత కోసుకుని వేలు తెగితే పాత గుడ్డ చుట్టుకుని పనిలో పడింది. వేలు వాచి చీము పట్టినా పైకి అనలేదు.

ఓ ఉదయం నీళ్లు తాగిస్తుంటే అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది. కోడలి ఒళ్లు కాలిపోతోంది. వేలి నుంచి మోచేతి వైపు ఎర్రటి చార పాకుతోంది.

"ఇది ఇంట్లో తగ్గేది కాదే. డాక్టరు దగ్గరికి పో."

"మిమ్మల్నెవరు చూస్తారు అత్తయ్యా?"

"నేనెక్కడికి పారిపోతాను? తాళం వేసుకుని పో."

డాక్టరు చీము తీసి, కడిగి, కట్టు కట్టి, మందులిచ్చాడు. "ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొచ్చేది. చార పైకి పాకితే వెంటనే రండి. కట్టు తడపకండి" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఇంట్లో అన్నీ తడి పనులే.

తిరిగొచ్చేసరికి పక్క తడిసి ఉంది. ఆమె ఒంటి చేత్తో దుప్పటి లాగబోయింది. అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది.

"పక్కింటావిణ్ణి పిలువు. నా సిగ్గు సంగతి నేను చూసుకుంటాలే."