అజ్మతున్నీసా పంచిన మందు

మేడ్చల్ బజార్లో గాజులమ్మే అజ్మతున్నీసా చెయ్యి ఊరికే ఉండదు. బగారన్నం వండితే పక్కింటికి ఓ గిన్నె పోవాల్సిందే. బక్రీదుకు మాంసం వస్తే ముందు ఇరుగుపొరుగు వాటా తీసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది. ఒక్కతే తింటే ముద్ద గొంతు దిగదట. మంచి గుణమే, కాదనను. కానీ ఆ గుణం మందుగోలీల దాకా పోతుందని ఎవరనుకున్నారు?

2012లో ఆమెకు రక్త క్యాన్సర్ అని తేలింది. పట్నంలోని పెద్ద ఆసుపత్రిలో అప్పుడే ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. ఆ పరిశోధనలో ఆమెను చేర్చుకుని, పొద్దున ఒక గోలీ, సాయంత్రం ఒక గోలీ వేసుకోమన్నారు. నెలనెలా రక్తపరీక్షతో పాటు గుండె పరీక్ష కూడా. అక్కడి వరుసలోనే శామీర్‌పేట శంకరమ్మ కలిసింది. ఆకుకూరలు అమ్ముకునే మనిషి. జబ్బు ఇద్దరిదీ ఒకటే, పైగా ఆమెకు గుండె బలహీనం. అందుకే ఆమెను పరిశోధనలోకి తీసుకోకుండా పాత మందే వాడమన్నారు. శంకరమ్మ బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని భోరున ఏడ్చింది.

ఆ ఏడుపు అజ్మతున్నీసా చూడలేకపోయింది. "నాకు కొత్తది, నీకు పాతదా? గిదేం ఇన్సాఫ్!" అంది. ఇక అప్పటి నుంచి సాయంత్రం గోలీ వేసుకోకుండా దాచేది. శంకరమ్మ మేడ్చల్ అంగడికి వచ్చినప్పుడు, ఖాళీ గాజుల డబ్బాలో వారానికి సరిపడా గోలీలు పెట్టి చేతికిచ్చేది.

"నీకు తక్కువ పడయా అక్కా?"

"నాకు మస్తుగ ఇచ్చిన్రు, తీస్కో!"

శంకరమ్మ నమ్మేసింది. పాత మందు మానేసింది. మూడో నెలలో ఓసారి, "కండ్లు తిరుగుతున్నయ్ అక్కా, గుండె దడదడ అంటాంది" అంది కూడా.

"మందు పనిజేస్తాంది, పరేషాన్ గాకు" అని అజ్మతున్నీసా ధైర్యం చెప్పి పంపింది. అబ్బో, ఏం డాక్టరమ్మండీ!

ఆ మరునాడే అజ్మతున్నీసా ఆసుపత్రికి పోవాల్సిన రోజు. పరిశోధన చూసుకునే నర్సు సుచిత్ర ఆమె ఛాతీకి తీగలు పెడుతూ, "రక్తంల తెల్లకణాలు మళ్ల పెరిగినయమ్మా. గోలీలన్నీ ఏసుకుంటున్నవా?" అని అడిగింది.

"డబ్బా ఖాళీనే గద బిడ్డా. జబ్బు రక్తానికైతే గుండెకు గీ తీగలెందుకు?"

"సంతకం పెట్టే రోజు గంటసేపు జెప్పిన. ఇన్లేదా? గీ గోలీతోని గుండె కొట్టుకునే తీరు మారొచ్చు. బలహీనమైన గుండె అయితే ఆగిపోవచ్చు. గందుకే శంకరమ్మకు ఇయ్యలే."

అజ్మతున్నీసా తీగలన్నీ పీకేసుకుని లేచి కూర్చుంది.

"యా అల్లా! నేనిచ్చిన బిడ్డా, నా గోలీలు దానికిచ్చిన! జల్దీ ఫోన్ జెయ్యి!"

మూడుసార్లు మోగాక శంకరమ్మ భర్త సిద్దయ్య ఎత్తాడు. ఆమె వాకిట్లోనే కూలబడిందట. సుచిత్ర అప్పటికప్పుడు అంబులెన్స్ పంపించింది. డాక్టర్లు గుండెను మళ్లీ దారిలో పెట్టేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అజ్మతున్నీసా వార్డు గుమ్మం వదల్లేదు.

చివరికి లోపలికి పోనిచ్చినప్పుడు, శంకరమ్మ కాళ్లు పట్టుకుంది. "మాఫ్ జెయ్యి శంకరమ్మా, నేనే నిన్ను సంపుతుంటి."

శంకరమ్మ ఆమె చెయ్యి పట్టి పైకి లాగింది. అప్పటికే సుచిత్ర శంకరమ్మకు అంతా చెప్పింది. "నీ వాటాల కెల్లి తీసి ఇచ్చినవట గద! మస్తుగ ఇచ్చిన్రంటివి! నీ పాణం నీకు తీపి లేదానే?" అని చెడామడా తిట్టింది. ఆ తర్వాత ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు.

పరిశోధనలోంచి అజ్మతున్నీసా పేరు తీసేశారు. సగం మందే వేసుకుంది కాబట్టి కణాలు పెరగడం మందు తప్పని చెప్పలేమని కాగితాల్లో రాసుకున్నారు. ఇప్పుడు ఇద్దరిదీ పాత మందే, రోజుకు ఒకటే గోలీ. తెల్లారగానే శామీర్‌పేట నుంచి ఫోన్ వస్తుంది.

"మింగినవా?"

"మింగిన."

"అబద్ధం! నాకు ఇనబడేటట్టు మింగు."

గుటక చప్పుడు వినబడేదాకా శంకరమ్మ ఫోన్ పెట్టదు.