పత్తి మాస్టారి బొద్దు బొమ్మ

పత్తి మాస్టారు మెట్లెక్కని హైస్కూలు ఆ చుట్టుపక్కల లేదు. ఊబకాయం రాకుండా ఎలా చూసుకోవాలో ఎదిగే పిల్లలకు చెప్పడమే ఆయన ఉద్యోగం. గోడపత్రికలు గీశారు, ప్రొజెక్టరు మోసుకెళ్లి సినిమాలు చూపించారు, రేడియోలో మాట్లాడారు. చదివింది పల్లె బడిలోనే అయినా, ముందుగదిలోని అద్దాల బీరువా నిండా ఆయన గెలుచుకున్న బహుమతి కప్పులే.

వాటన్నిటికన్నా పిల్లలకు నచ్చింది బొమ్మ. మనవరాలి పాత గౌనుతో ఆయనే కుట్టిన బొద్దు బొమ్మ అది. తిండి అదుపు గురించి, ఆటల గురించి చెబుతూ దాని వీపు కుట్టు విప్పి గుప్పెడు పత్తి లాగేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఇంటికొచ్చాక ఆ పత్తి మళ్లీ కూరేవారు.

ఈ ఏడాది కూరడం మానేశారు. బొమ్మ చిక్కేకొద్దీ చప్పట్లు పెరుగుతున్నాయి మరి. లాగిన పత్తి ఏ బడిది ఆ బడి చెత్తబుట్టలోనే పోయింది.

ఒక మధ్యాహ్నం కోడలు ఆయన గది గుమ్మంలో నిలబడింది.

"మామయ్యగారూ, పిల్ల మెతుకు ముట్టడం లేదు. డాక్టరేమో జబ్బేం లేదంటాడు."

"నాలుగు రోజులు నోరు కట్టుకుంటే ఏమవుతుందమ్మా, మంచిదేగా."

"ఒకసారి చూసి మాట్లాడండి."

చూశారు. మనవరాలు మంచం మీద బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరి మెడలూ ఒకే పక్కకు వాలి ఉన్నాయి.

"ఏంటే బుజ్జీ, ఇలా అయిపోయావు?"

"నువ్వే కదా తాతయ్యా తీస్తున్నావు."

"నేనేం తీశానే?"

"ఏమో. వీపు దురదగా ఉంది. కుట్టు దగ్గర."

మాస్టారు చటుక్కున ముందుకు వంగారు. పిల్ల వీపు తడిమారు. నున్నగానే ఉంది. కానీ వేళ్ల కింద ఎముకలు తప్ప ఇంకేమీ తగల్లేదు.

పత్తి కోసం ఇల్లంతా వెతికారు. చివరికి తన దిండే చింపి, ఆ పత్తి బొమ్మలో కూరారు. పొట్ట నిండింది, బుగ్గలు లేచాయి.

"మెల్లగా తాతయ్యా," అంది పిల్ల. ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి.

కుట్టు వేసి దారం కొరికారు. పిల్ల కళ్లు తెరిచి, "అమ్మా, అన్నం పెట్టు," అంది.

మర్నాడు బడిలో పిల్లలు బల్లలు చరిచారు. "పత్తి తీయండి మాస్టారూ, పత్తి!"

"ఈ బొమ్మ కుట్టు ఇక విప్పను. పదండి, మైదానంలో పరుగెడదాం."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇంటికొచ్చేసరికి మనవరాలు కంచం ముందుంది.

"గట్టిగా కుట్టావా తాతయ్యా?"

"రెండు పేటల దారంతో వేశానమ్మా."

"తెలిసింది," అంటూ ఆమె వీపు సవరించుకుని ఇంకో ముద్ద కలిపింది.