ఆఖరి బస్సు పోయాకే గండి

అరవైల చివర నేను గుమస్తాగా పనిచేసిన ఊరినుంచి ఆమదాలవలస రైలు స్టేషనుకు కాలువ గట్టు మీదుగానే దారి. ఆ దారిన రాత్రిపూట ఒక్కటే బస్సు. విజయనగరం వైపు వెళ్లే రైలును అందించడం దాని పని. అయితే ఊళ్లోని టూరింగు టాకీసులో మొదటి ఆట వదిలేదాకా అది కదిలేది కాదు. ఆట చూసి పక్క ఊళ్లకు వెళ్లేవాళ్ల టిక్కెట్ల మీద బస్సు యజమానికి ఆశ. రైలు ప్రయాణికుల గతి ఏమిటని ఆయనకు పలుమార్లు అర్జీలు రాశాను. నకళ్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. జవాబు దేనికీ రాలేదు. వేళ ప్రకటించి దానిని పాటించకపోవడం మోసమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

వానలు ముఖం చాటేసిన ఆ ఏడు రైతులు కాలువ నీటిని వంతులవారీగా వాడుకునేవారు. రోడ్డుకు ఒకవైపు కాలువ, రెండోవైపు పల్లంలో చేలు. కింద తూము లేనిచోట రాత్రివేళ రోడ్డుకే అడ్డంగా గండి కొట్టి నీరు మళ్లించుకుని, తెల్లవారేసరికి పూడ్చేసేవారు. ఆఖరి బస్సు పోయాకే గండి కొట్టాలన్నది కట్టుబాటు. గడియారం లేనివాళ్లకు ఆ బస్సు దీపాలే గడియారం.

ఒక సాయంత్రం తంతి వచ్చింది. విజయనగరం ఆసుపత్రిలో ఉన్న మా అక్కకు ప్రాణం మీదికి వచ్చిందని, వెంటనే బయలుదేరమని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ముందుగానే వెళ్లి బస్సెక్కి, కండక్టరుకు తంతి చూపించాను.

“డ్రైవరు మావతో సెప్తానండి. ఆట అయిపోవొచ్చింది, కూకోండి,” అన్నాడు.

ఆట అవలేదు. చాలాసేపటికి జనం వచ్చి ఎక్కాక బస్సు కదిలింది. సగం దారిలో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. దీపాల వెలుగులో ఎదుట రోడ్డు తెగి ఉంది, గండిలో నీరు పారుతోంది. గట్టున కూర్చున్న ముసలావిడ పార పట్టుకుని లేచింది.

“ఏటే అప్పా, బస్సు ఎల్లకుండానే కొట్టేసినావు?” అన్నాడు డ్రైవరు. అటువైపు అక్కను అప్పా అనే పిలుస్తారు.

“ఎలిపోనాది కదరా. ఇందాక ఎలుగు సూసే కొట్టినాను.”

“అది సాలూరు లారీయే.”

“లారీయో బస్సో ఈ కళ్లకేటి తెలుస్తాది? ఏళకొచ్చింది నీ బస్సే అనుకున్నాను. సినిమా మారాజులందర్నీ ఏరుకొచ్చీసరికి నీకు ఈ ఏళయింది.”

“అత్తా, బస్సుని నీ సేలోకి దింపేయమను. బురద దున్ని దమ్ము సేసెత్తాది,” అని వెనక సీటునుంచి ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి.

కండక్టరు దిగి ఆవిడకు నా సంగతి చెప్పాడు. ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. కాలువ వైపున్న గండి మూతి దగ్గర మట్టి వేసి నీరు కట్టేసింది. తన వంతు పోతోందని ఆవిడకు తెలుసు. తర్వాత గండి పూడ్చడం మొదలుపెట్టింది. మరో ఇద్దరు దిగి సాయం పట్టారు.

“పచ్చి మట్టి మీద ఎక్కిస్తే సక్రం దిగడిపోద్ది బాబూ. గట్టిపడాల,” అన్నాడు డ్రైవరు నాతో, తలెత్తకుండా.

చెప్పులు చేత్తో పట్టుకుని గండి దాటి నడవసాగాను. పాదాలకు బురద అంటిందని తెలిసింది. అంతకుమించి ఏమీ తెలియలేదు. స్టేషను దీపం కనిపిస్తుండగానే రైలు కూత వినిపించింది. చేల అవతల వెలుగుతున్న కిటికీలు వరుసగా కదిలిపోయాయి. నేను పరుగెత్తలేదు.

మర్నాడు పాసింజరు రైలు దిగి ఆసుపత్రికి వెళ్లేసరికి అక్క మంచం మీద దుప్పటి మార్చి ఉంది. వరండాలో బావ కూర్చుని ఉన్నాడు.

“రైలు టైము దాకా గుమ్మం ఏపే సూసింది. ఆ తర్వాత పడుకుందనుకున్నాను,” అన్నాడు.

ఏడుపు రాలేదు. కాగితాల మీద ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో అడిగి పెట్టాను.

దహనమయ్యాక ఉద్యోగానికి తిరిగి వచ్చి, పెద్దకర్మకు మళ్లీ అదే బస్సెక్కాను. టాకీసులో ఆట నడుస్తూనే ఉంది.

“అక్కగారికి ఎలగున్నాదండి?” అని అడిగాడు కండక్టరు.

“పోయింది.”

“ఎప్పుడండి?”

“ఆ రాత్రే.”

అతను టిక్కెట్టు కొట్టకుండా ముందుకు వెళ్లి డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూడలేదు. ఇంజను స్టార్టు చేశాడు. నేనూ, ఇంకో ఇద్దరూ తప్ప ఖాళీగా ఉన్న బస్సు ఆట వదలకముందే బయలుదేరింది. యజమానికి అతను ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు.

గండి కొట్టినచోట ఆ ముసలావిడ లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి మా బస్సును ముందునుంచి వెనకదాకా పరకాయించి చూసింది. మేము దాటాక పార అందుకుంది.

ఆ రాత్రి ఆట చూసినవాళ్లు నడిచి వెళ్లి ఉంటారు. రైలు రావడానికి చాలా ముందే నేను ప్లాట్‌ఫారం మీద ఉన్నాను.