పాప అప్పజెప్పిన లాటిన్ పాఠం

పోయిన శుక్రవారం, నేను వంట చేసే ఇంటి సార్ వాళ్ళు ఇల్లు మారుతూ పాత పుస్తకాలు బయట పెట్టమంటే, అట్టపెట్టె ఎత్తబోయి, పైనున్న లాటిన్ వ్యాకరణం అట్ట మీద నా పసుపు వేలిముద్ర చూసి గుమ్మంలోనే కూర్చుని పేజీలు తిప్పాను. తెలివి చాలక సార్ గారి పాప ఆ చదువు మానేసిందని వాళ్ళ బంధువులంతా అంటారు. అసలేం జరిగిందో పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కనుక ఇది రాసి పెట్టాలి.

నా బడిచదువు ఐదో తరగతితో సరి. అయినా మా కోనసీమ ఊరి గ్రంథాలయంలో మూడు బీరువాలూ చదివేసినదాన్నని, ఇంగ్లీషు అక్షరాలు కూడా అక్కడే కూడబలుక్కున్నానని, దుబాయ్ దగ్గరి అల్ ఐన్‌కు వంటమనిషిగా వచ్చాక కూడా నాకు కాస్త గర్వమే. కరోనా ఏడాది లండన్‌లో కాలేజీ మూసేస్తే సార్ గారి అమ్మాయి ఇంటికొచ్చి, కంప్యూటర్ ముందు లాటినూ, వెనకటి గ్రీకుల తత్వశాస్త్రమూ చదివేది. ఒక్కో మాటకు అన్నేసి రూపాలు. పొద్దున పట్టుబడింది సాయంత్రానికి జారిపోయేది. సార్‌కు ఆ చదువు మొదటినుంచీ ఇష్టం లేదు. ఈ పరీక్షల వరకు చూస్తాననీ, పిల్ల కుదురుకోకపోతే ఇక్కడే బిజినెస్ కోర్సులో చేర్పిస్తాననీ అన్నారు.

చిన్నప్పుడు మేము నాన్నకు పద్యాలు అప్పజెప్పినట్టు పాఠాలు నాకు అప్పజెప్పమని పాపతో అన్నాను.

"మీకు లాటిన్ రాదుగా ఆంటీ" అని నవ్వింది.

"నువ్వన్నదీ పుస్తకంలో ఉన్నదీ ఒకటో కాదో చూడ్డానికి లాటిన్ ఎందుకు పాపా?"

అలా పుస్తకాన్ని పప్పుడబ్బాకు ఆనించి, కూరలు తరుగుతూనే తప్పులు పట్టేదాన్ని. మంచేదో తెలిసిన మనిషి చెడు చేస్తాడా అని ఒకరోజు నన్నే అడిగింది. తెలియకే చేస్తాడన్నాను. ఈ ముక్కకే ఆ గ్రీకులు నలభై పేజీలు రాశారని విసుక్కుంది గానీ, ఆ వారమంతా హుషారుగా చదివింది.

పరీక్షలకు ముందు సార్ టీ తాగుతూ పాప ఎలా చదువుతోందని అడిగారు. "పుస్తకం మీద కన్నీళ్ళు కారుతున్నా లేవదు సార్" అన్నాను. మా ఊళ్ళో చదివే పిల్లకు అంతకు మించిన పొగడ్త లేదు. ఆయన మాత్రం కప్పు సగంలోనే పెట్టేసి, కూతుర్ని ఏడిపించే చదువు మనకొద్దని ఆ వారమే మాన్పించేశారు.

"మీరైనా బాగానే ఉన్నానని చెప్పొచ్చుగా ఆంటీ" అంది పాప, అంతే. పొగిడానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడామె దుబాయ్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవులకు వస్తే నా మోకాళ్ళ నొప్పి సంగతి అడుగుతుంది, ఆ పుస్తకం ఊసెత్తదు. ఈ కాలం పిల్లలకు పాఠం చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లోంచే లోపలికి పోతుంది. ఒకరికి అప్పజెప్పే పనే లేదు. వంటగదులన్నీ ఎంత నిశ్శబ్దమైపోయాయో.

అక్షరాలు దిద్దించిన మా నాన్న వెంకటరత్నానికి, బీరువా తాళం నా చేతికిచ్చిన లైబ్రేరియన్ సత్యవతి గారికి, ఇది రాయమని పోరిన పక్కింటి మేరీకి కృతజ్ఞతలు. నేనెన్నడూ పేరు పెట్టి పిలవని మా పాప, సంహితకు కూడా. ఆ వ్యాకరణం నా బట్టల పెట్టెలో ఉందమ్మా. నువ్వు ఆపిన చోట పేజీ మడత విప్పలేదు.