ఇంకుతో మొహం కడుక్కునే మిషను

పొద్దున పాలు కాచి దించాక అంబుజమ్మ చేసే మొదటి పని, ముందుగదిలోకి వచ్చి గోడమీది స్విచ్చు వేయడం. బల్లమీద తువ్వాలు కప్పుకుని ఉన్న ప్రింటరు అప్పుడు నిద్రలేచేది. మొదట లోపల ఏదో టక్కుమనేది. తరువాత చిన్న పెట్టె ఒకటి కర్రుకర్రుమంటూ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగెత్తేది. చివరికి గొంతులో కఫం అడ్డుపడిన మనిషిలా ఖర్రుమని, నిట్టూర్చి, ఊరకుండేది. అంతసేపూ ఆమె తువ్వాలు చేతిలో పట్టుకుని, గడప దగ్గరే నిలబడి వినేది.

ఆమె భర్త కోదండరామ చింతామణి మార్కెట్టులో ఒక టమాటా మండీలో గుమాస్తాగా ఉండేవాడు. మోకాళ్ళు పట్టేసి ఆ పని మానుకున్నాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ ప్రింటరు కొన్నాడు. గేటుకు కన్నడంలో రాసిన అట్టముక్క కట్టాడు. పల్లెలనుంచి చేను ఎవరిదో చెప్పే పహణి కాయితాలకని రైతులు, హాల్ టికెట్టుకని పిల్లలు వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఫోనుకు కాయితం పంపితే ఈయన ప్రింటు తీసి ఇచ్చేవాడు. ఇచ్చి పంపేసేవాడా అంటే అదీ లేదు. కూర్చోబెట్టి ఊరి సంగతులన్నీ అడిగేవాడు. అంబుజమ్మ లోపలినుంచి కాఫీ అందించేది.

ఆయనకు పొద్దున పెరట్లో మొహం కడుక్కుంటూ వీధంతా వినిపించేలా గొంతు సవరించుకోవడం అలవాటు. ఆ తరువాత వచ్చి ప్రింటరు ఆన్ చేస్తే, అదీ అచ్చం ఆయనలాగే సవరించుకునేది. "చూస్తివా అంబుజా, నా తమ్ముడు లేసినాడు," అని రోజూ అదే మాట అని రోజూ నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. రోజూ అదే మాటకు ఎవరు నవ్వుతారు?

పోయిన కార్తీకంలో ఆయన పోయాడు. పెరట్లో చప్పుడు ఆగిపోయింది. ముందుగదిలోది మిగిలింది.

నాలుగో తరగతితో చదువు ఆగిపోయినా అంబుజమ్మకు ఆయన ఫోనునుంచి ప్రింటు తీయడం తెలుసు. జబ్బుపడ్డ రోజుల్లో ఆయనే నేర్పాడు. నంబరు అదే ఉంచింది. ఆయన ఫోటో కూడా అందులో అలాగే ఉంది. సంగతి తెలియనివాళ్ళు ఇప్పటికీ "సార్, ఒక కాపీ" అని పంపుతారు. ఆమె ఎవరికీ జవాబు రాయదు. వచ్చినప్పుడు కాయితం చేతికి ఇస్తుంది. ఆయన ఫోటో కింద తన మాట పెట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

వచ్చేవాళ్ళు తగ్గారు. వస్తున్న కొద్దిమందిలో కెంచార్లహళ్ళి పిళ్ళప్ప ఒకడు. కోదండరామకు మండీ కాలంనుంచి స్నేహితుడు. ఆరోజు చేనుకు డ్రిప్పు పైపుల అర్జీకి పహణి కావాలని వచ్చాడు. అంబుజమ్మ ప్రింటు తీసింది. కాయితంమీద అక్షరాలు చారలు చారలుగా, ఉన్నాయా లేవా అన్నట్టు వచ్చాయి.

పిళ్ళప్ప దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇదేందమ్మా, అచ్చరాలు పస్తున్నట్టుండాయి. సర్వే నంబరు సగం కనపడతాది, సగం కనపడదు. ఇది పట్టుకొని పోతే ఆఫీసోళ్ళు నా చేను గూడా సగమే అంటారు."

"కూచోప్పా, ఇంకోసారి తీస్తా."

రెండోసారి ఇంకా అన్యాయంగా వచ్చింది. మిషనుమీద ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. కొత్త ఇంకు పెట్టెలు వేసి ఎన్నాళ్ళో కాలేదు.

"పోనీలేమ్మా, బస్టాండుకాడ తీయించుకొంటా. ఆఫీసు మూసేస్తారు మళ్ళా."

"కాఫీ అన్నా తాగిపోప్పా. పాలు పొయ్యిమీదే ఉండాయి."

"ఇంకోనాడు తాగుతాలే." గేటు దగ్గర ఆగి, అట్టముక్క వైపు చూసి, పిళ్ళప్ప మెల్లగా అన్నాడు: "కోదండన్న ఉన్నెప్పుడు ఇట్లయ్యేది కాదు."

తప్పుపట్టి అన్న మాట కాదది. అయినా అంబుజమ్మ చాలాసేపు ఆ గేటునే చూస్తూ నిలబడింది. పిళ్ళప్ప ఒకసారి బస్టాండుకు అలవాటుపడితే ఇక ఇటు ఎందుకు వస్తాడు? పిళ్ళప్పే రాకపోతే ఇంకెవరు వస్తారు? పాలు పోసే ఆమె గేటు బయటినుంచే చెంబులో పోసి పోతుంది. ఈ మిషను ఆగిపోతే గడప లోపలికి కాలు పెట్టేవాళ్ళు ఉండరు.

ఆదివారం బాగేపల్లినుంచి కూతురు నయన వచ్చింది. మిషను మూత తెరిచి చూసి నడుంమీద చేతులు పెట్టుకుంది.

"మొన్ననే కదమ్మా రెండు పెట్టెలూ తెచ్చిచ్చింది? యాడ పోయింది ఇంకంతా? తాగుతాండావా ఏంది?"

"కాఫీకే దిక్కులేదు, ఇంకు తాగుతానా?"

"కారిపోతాందేమో చూద్దాం పట్టు."

ఇద్దరూ మిషను ఎత్తి అడుగున చూశారు. మరకైనా లేదు. బల్లకింద చూశారు. కోదండరామ పోగొట్టుకున్న కళ్ళద్దాల గూడు ఒకటి దొరికింది. నయన దాన్ని కొంగుతో తుడిచి అలమారలో పెట్టింది.

"మూసేయమ్మా దీన్ని," అంది నయన. "నువ్వు తీసే కాయితాలకొచ్చే దుడ్డు ఆ ఇంకుకే చాలదు. నాయనకంటే పొద్దుపోయేది. నీకెందుకీ కష్టం?"

"మూసేస్తే గేటు ఎవురు తీస్తారే?"

నెలకో రెండు నెలలకో గాని నయన రావడం కుదరదని ఇద్దరికీ తెలుసు. నయన పోయి ముఖం కడుక్కుని వచ్చి, "పా అయితే, దీన్ని ఎత్తుకొని అంగడికి పోదాం. ఇంకు తక్కువ తాగేది ఏముండాదో అడుగుదాం," అంది.

అంగట్లో శృతి అనే అమ్మాయి ఉంది. కన్నడంలో మొదలుపెట్టి, వీళ్ళ మాట విని తెలుగులోకి దిగింది. మిషనును అటూ ఇటూ తిప్పి చూసి ఒకే ప్రశ్న అడిగింది.

"దీన్ని యాడ ఆపుతారమ్మా? మిషనుమీది బొత్తామా, గోడ స్విచ్చా?"

"గోడ స్విచ్చే. కరెంటు ఊరికే ఎందుకు కాలాల?" అంది అంబుజమ్మ, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. ఆ ఊళ్ళో ఫ్రిజ్జు తప్ప ఏదైనా గోడ దగ్గర ఆపాకే ఆపినట్టు లెక్క.

"అదేనమ్మా ఇంకు తినేసింది. ఈ ఊర్లో అందరూ చేసే పనే. బొత్తాం నొక్కితే లోపలి పెట్టె మూలకు పోయి, మూతేసుకొని పడుకొంటాది. గోడకాడ ఆపేస్తే నోరు తెరుచుకొనే పడిపోతాది. మళ్ళా లేపినప్పుడు లోపల ఎండిపోయుంటాదని బాగా మొహం కడుక్కొంటాది. అదే ఆ కర్రుకర్రు. కడుక్కొనేది నీళ్ళతో కాదమ్మా, ఇంకుతో. దినానికి ఎన్నిసార్లు వేస్తారు?"

అంబుజమ్మ మనసులో లెక్కపెట్టుకుంది. పొద్దున ఒకసారి. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే ఒకసారి. దీపం పెట్టాక ఒకసారి. ఒక్కోరోజు ఆ చప్పుడు ఆగిపోగానే స్విచ్చు ఆపి మళ్ళీ వేసేది.

"వేస్తా... అప్పుడప్పుడు."

"ప్రింటు తీసేటప్పుడేనా?"

"ఊరికే గూడా," అంది, వినిపించీ వినిపించనంత చిన్న గొంతుతో.

నయన తల్లి వైపు తిరిగి ఏదో అనబోయింది. ఆ ముఖం చూసి ఆగింది. గోడకు పేర్చిన డబ్బాలమీది బొమ్మలు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడింది.

శృతికి ఇదంతా పట్టలేదు. "ఇట్లాంటి చిన్న మిషన్లు కొనేటప్పుడు మేకపిల్ల, మేపేటప్పుడు సీమ ఆవు," అంటూ రెండు కొత్తవాటిని బల్లమీదికి ఎత్తింది. "కొనే ధర చూడొద్దమ్మా, ఒక కాయితానికి ఎంత పడతాదో చూడు. ఇది ట్యాంకుది. సీసాతో ఇంకు పోసేది. కాయితానికి పైసలే అయ్యేది. రంగులూ వస్తాయి. ఇదేమో పొడి మిషను, లేసరు. వట్టి నలుపే. కొనేటప్పుడు కొంచెం బరువు. ఏది సరిపోతాదో నువ్వే చెప్పల్ల. రోజుకు ఎంతమంది వస్తారు మీ ఇంటికి?"

ఆ మాట అడుగుతారని అంబుజమ్మ అనుకోలేదు. ప్రింటరు కొనేదానికి ఇంటికి ఎవరొస్తారో చెప్పాలా?

"వస్తారు," అంది. "రోజూ వస్తారు. ఒకరు పోతే ఒకరు."

నయన తిరగలేదు.

"అట్లయితే ఈ ట్యాంకుదే. కన్ను మూసుకొని తీసుకోండి. ఒకటే మాట, దీన్ని ఊరికే ఉంచగూడదు. రోజుల తరబడి ఎవురూ రాకపోతే ఇదీ ఎండుకొంటాది. ఎండుకొంటే మళ్ళా కడిగి కడిగి సీసాలు ఖాళీ చేయాల."

అంబుజమ్మ ఆ డబ్బామీద చెయ్యి పెట్టింది. కళ్ళముందు సోమవారం కనపడింది. తరువాత మంగళవారం. గేటుమీద కాకి. అట్టముక్క గాలికి కొట్టుకునే చప్పుడు. ఇంకు లోపల కొంచెం కొంచెం గట్టిపడడం. ఆయన ఉంటే అనేవాడు, దాని పేరే ఇంకు, ఇంకిపోక ఏం చేస్తాదే అని. దీన్ని ఇంటికి తీసుకుపోతే, ఇదీ ఎండిపోయాక, నయన మళ్ళీ ఇంకొకటి కొననివ్వదు. అప్పుడు గేటు నిజంగానే మూసుకుపోతుంది.

"తల్లీ," అంది. "నేను చెప్పింది అబద్ధం. రోజూ రారు. కొన్ని వారాలు ఎవురూ రారు."

బయట ఆటో ఒకటి ఎవరినో పిలుస్తూ హారను కొట్టింది. శృతి జాలిపడలేదు. దానికి అంబుజమ్మ మనసులోనే ఆ పిల్లకు దండం పెట్టుకుంది.

"ముందే చెప్పుంటే ఇంతసేపు నా నోరు నొప్పెత్తేది కాదు కదమ్మా," అని నవ్వి, ట్యాంకు మిషనును కిందికి దించేసింది. "అట్లయితే పొడిదే నీకు. పొడి ఎండేది ఏముండాది? నెలంతా పలకరించకపోయినా లేపితే లేస్తాది. పొడి అయిపోతే డబ్బా పారేయొద్దు, తీసుకొనిరా, నింపిస్తా."

"పెండ్లి పత్రికలు రంగుల్లో అడుగుతారు ఒకోసారి."

"వాళ్ళను బస్టాండుకు తోలు. పహణి తీసేదానికి రంగులెందుకు?"

అంబుజమ్మ ఆ కొత్తదాన్ని చుట్టూ చూసింది. "ఇది చప్పుడు చేస్తాదా?"

"లేదమ్మా, దాని చప్పుడుతో నీకు బాధే ఉండదు. లేచేటప్పుడు కొంచెం గుయ్యిమంటాది, అంతే. తరువాత నిద్రపోతాది. ఎవురన్నా కాయితం పంపితేనే మళ్ళా లేస్తాది." మంచి గుణం చెప్పినట్టే చెప్పింది శృతి. "పాతది ఇచ్చిపోతే దానికింత అని తగ్గిస్తాం. పనిచేస్తాందా లేదా ఒకసారి వేసి చూస్తా."

తీగ తగిలించి స్విచ్చు వేసింది. టక్కుమంది. పెట్టె కర్రుకర్రుమంటూ పరుగు మొదలుపెట్టింది. అంబుజమ్మ నిలబడినచోటే కొంగు గట్టిగా పట్టుకుంది.

"లేస్తాంది, చాల్లే," అంటూ శృతి స్విచ్చు దగ్గరికి చెయ్యి చాచింది. "ఉన్న ఒక్క చుక్కా ఊరికే పోతాది."

"ఉండనీ తల్లీ," అంది అంబుజమ్మ. "ఒక్కసారి మొహం కడుక్కోనీ."

శృతి చెయ్యి ఆగింది. మిషను ఇటూ అటూ తిరిగి, చివర ఖర్రుమని గొంతు సవరించుకుని, నిట్టూర్చి, ఊరకుంది. నయన వచ్చి తల్లి మోచెయ్యి పట్టుకుంది. "నాయన మాదిరే," అంది. అంబుజమ్మ మిషనుమీద కప్పి తెచ్చిన తువ్వాలును మడిచి సంచిలో పెట్టుకుంది. పాత మిషనును అక్కడే వదిలేసి, పొడిదాన్ని ఎత్తుకుని వచ్చారు.

సాయంత్రం బస్సుకు నయన వెళ్ళిపోయింది. మరునాడు పొద్దున అంబుజమ్మ పాలు దించి, ముందుగదిలోకి వచ్చి, కొత్తదాని బొత్తాం నొక్కింది. గుయ్యిమని, పచ్చ దీపం వెలిగి, వెంటనే పడుకుంది. ఆమె ఇంకా ఏదో ఉందేమో అన్నట్టు నిలబడింది. గోడ గడియారం చప్పుడు వినిపించింది. ఆ గడియారం నడుస్తున్నదని ఇన్నాళ్ళూ ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం ఆ గదిలోకి రాలేదు. దీపం పెట్టాకా రాలేదు. వచ్చినా వినేదానికి ఏమీ లేదు.

రెండో రోజు ఆయన ఫోను తీసింది. పిళ్ళప్ప పేరు వెతికింది. ఫోనులో రాయడం రాదు కాబట్టి మైకు బొమ్మను నొక్కిపట్టుకుంది. ఆయన ఫోటో పైనుంచి చూస్తూ ఉంది. మొదటిసారి వట్టి ఊపిరే పోయింది. దాన్ని తుడిపేసి మళ్ళీ చెప్పింది: "పిళ్ళప్పా, నేను అంబుజమ్మను. మిషను కొత్తది తెచ్చినాం. నీ చేనును సగం చేయదు. ఏమన్నా కాయితం కావాలంటే రా."

జవాబు రాలేదు. ఆ రోజూ రాలేదు, మరునాడూ రాలేదు. ఎవరూ రాలేదు. పొడి ఎండదని శృతి చెప్పింది కదా అనుకుంటూ ఆమె ఇల్లు ఊడ్చింది, బియ్యం ఏరింది.

శుక్రవారం ఎండ నడినెత్తికి వచ్చాక గేటు కిర్రుమంది.

"అమ్మా, నీ మాట విన్నాన్లే ఫోన్లో," అంటూ పిళ్ళప్ప చెప్పులు విడిచాడు. "మొదుట కోదండన్న పేరు చూసి నా గుండె జారిపాయ. నీ గొంతు విన్నాక నిమ్మళమాయ. బ్యాంకోళ్ళు ఇంకో పహణి అడుగుతాండారు. తీయి చూద్దాం, చేను పూర్తిగా వస్తాదా లేదా."

పిళ్ళప్ప పంపిన కాయితం ఫోనులోకి వచ్చింది. అంబుజమ్మ నొక్కింది. పడుకున్న మిషను గుయ్యిమని లేచింది. కాయితం ఒకటి మెల్లగా బయటికి జారింది. అక్షరాలు నల్లగా, ఒకటి వదలకుండా ఉన్నాయి. ఆమె దాన్ని తీసి చేతిలోకి తీసుకుంది. కాయితం వెచ్చగా ఉంది. పాతదాని కాయితం ఎప్పుడూ చల్లగా, కొంచెం తడిగా వచ్చేది. ఇది అప్పుడే పెనంమీదినుంచి తీసినట్టుంది.

"ఏందమ్మా, ఇయ్యవా ఏంది?" అన్నాడు పిళ్ళప్ప చెయ్యి చాచి.

"ఇస్తాప్పా, ఉండు," అంది. అది ఇంకా చల్లారలేదు. "కూచో. పాలు పొయ్యిమీదే ఉండాయి."

పిళ్ళప్ప బస్సు టైము కోసం గోడ గడియారం వైపు చూశాడు. తరువాత కోదండరామ ఎప్పుడూ చూపించే కుర్చీలో, అంచుమీద, కూర్చున్నాడు.