కళ్ళు మూసుకుని చెప్పిన సెమినార్

సిల్వియాకు ఇంగ్లీషు రాదంటే నేనొప్పుకోను. ఇంగ్లీషు కీర్తనలైనా బైబిలు వాక్యాలైనా నీళ్ళు నమలకుండా అప్పజెప్పే పిల్ల. కాకపోతే కొండమీద వాళ్ళ ఊరి సండే స్కూల్లో నేర్పిన పద్ధతి ఒకటే: చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, రాగం తీస్తూ చెప్పాలి. కళ్ళు తెరిస్తే దేవుడి మీంచి ధ్యాస పోతుందట. అరకులో డిగ్రీ చివరి ఏడాదికొచ్చినా ఆ అలవాటు వదల్లేదు.

ఇంగ్లీషు సెమినార్‌లో మార్కులొచ్చిన వాళ్ళనే కొత్త రిసార్టు ఉద్యోగాలకు పంపుతామన్నారు. కౌంటర్ దగ్గర కుర్చీలో కూర్చునే పని. సెలవులన్నీ తల్లి మగ్దలేనమ్మతో కాఫీ తోటలో కూలికి పోయే పిల్లకు అది మాటలా? లోయకొచ్చే టూరిస్టుల గురించి పేజీలకు పేజీలు బట్టీ పట్టింది.

ఆ రోజు చేతులు కట్టుకుని, కళ్ళు మూసి, “గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ సర్” అని రాగం ఎత్తుకుంది. పిల్లలు కిసుక్కుమన్నారు. లెక్చరర్ వరహాలరావు పెదవి మీద వేలు పెట్టి, తలుపు వైపు చూపించాడు. అందరూ చెప్పులు చేతబట్టుకుని మెల్లగా జారుకున్నారు. ఆఖరున ఆయనా వెళ్ళాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. గది నిశ్శబ్దమయ్యేసరికి అందరూ శ్రద్ధగా వింటున్నారనుకుని పిచ్చిపిల్ల ఇంకాస్త గొంతు పెంచింది.

“థాంక్యూ” అని కళ్ళు తెరిస్తే ఖాళీ బెంచీలు. వరండాలో గొల్లున నవ్వులు.

బయటికొచ్చి అడిగింది. “మొత్తం సెప్పేసినాను సార్. మార్కులెయ్యండి సార్.”

“ఎవరు విన్నారమ్మా? విన్నవాళ్ళు చెయ్యెత్తండి,” అన్నాడు వరహాలరావు.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన ఆమె పేరు పక్కన ఆబ్సెంట్ వేశాడు. తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటికెళ్ళగానే మగ్దలేనమ్మ ఎదురొచ్చింది. “ఏటి గుంటా, బాగా సెప్పినావా? అందరూ ఇన్నారా?”

“ఇన్నారమ్మా.”

తల్లి పొంగిపోయింది. చుట్టాలొస్తే తీద్దామని దాచిన తేనె సీసా తెచ్చి చేతిలో పెట్టింది. “మీ మేస్టారికి ఇచ్చెయ్. అంత ఇంగ్లీసు నేర్పినోడి కాడికి ఉత్త సేతుల్తో ఎలాగెల్తావు?”

అబద్ధం చెప్పాక కాదనడమెలా? మర్నాడు స్టాఫ్ రూములో ఆయన బల్ల మీద పెట్టి, మా అమ్మ ఇమ్మంది సార్ అంది. వరహాలరావు మూత తీసి వాసన చూశాడు.

“చక్కెర పాకం కలపలేదు కదా?”

“నేదు సార్,” అంది సిల్వియా.

ఆయన సీసాను సంచిలో పెట్టుకున్నాడు.