ఎనిమిదింటి సీరియల్

నేను చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో దుబాయ్‌లో కొత్త తెలుగు సీరియల్ మొదలవుతోందంటే అది మా ఒక్క ఇంటి సంగతి కాదు. నైఫ్ బజారు వెనక మేముండే రెండు గదుల ఇంట్లో తెలుగు చానెళ్లు వచ్చేవి. మొదటి భాగం వచ్చే రోజున అమ్మ పకోడీలకు పిండి కలిపేది. పై అంతస్తు వాళ్లు గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చి చాప మీద సర్దుకునేవారు. ఆ ఏడాది మా తాతయ్య కూడా విజిట్ వీసా మీద వచ్చి మాతోనే ఉన్నారు.

దగ్గర్లోనే ఒక అరబ్బు మేడమ్ ఇంట్లో మా ఊరి పిన్ని పనిచేసేది. సొంత పిన్ని కాదు, ఊరి వరసన అమ్మకు చెల్లెలు. శుక్రవారం సెలవు దొరికితే మా ఇంటికి వచ్చి, కాలింగ్ కార్డు గీకి, మా ఫోన్ నుంచి ఊళ్లో ఉన్న కూతురితో మాట్లాడేది. ఆ పిల్లది నా ఈడే. చిన్నప్పుడే వదిలి వచ్చిన తల్లితో ఊఁ, ఆఁ తప్ప మాట్లాడేది కాదు. అలాంటిది ఒక శుక్రవారం తనంతట తానే అడిగిందట, సోమవారం కొత్త సీరియల్ వస్తోంది, నువ్వూ చూడు, అయిపోయాక ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం అని. పిన్ని ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఎన్నింటికొత్తాదమ్మా అది?" అని నన్ను అడిగింది. బొమ్మకు రంగులు వేసుకుంటున్న నేను తలెత్తకుండా "ఎనిమిదింటికి" అన్నాను.

టీవీలో ప్రకటన అలాగే చెప్పేది మరి. కానీ అది ఇండియా టైము. మాకు గంటన్నర ముందు, ఆరున్నరకే వచ్చేస్తుంది. ఆ లెక్క మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. మేడమ్ ఇంట్లో అరబ్బీ చానెళ్లు తప్ప ఉండవు కాబట్టి పిన్నికి తెలిసే దారి లేదు. నాకు మాత్రం బాగా తెలుసు. ఇంట్లో టైములన్నీ నన్నే అడుగుతారని మహా గొప్ప కూడా.

సోమవారం ఆరున్నరకు గది నిండిపోయింది. టైటిల్ పాట మొదలైంది. పిన్ని ఇంకా రాలేదేమిటని అమ్మ గుమ్మం వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఏడుస్తూ చెప్పేశాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. మేడమ్ ఇంటికి ఫోన్ చేసినా, మనిషిని పంపినా ఆమెకు అక్కడ చీవాట్లు పడతాయి. ఈ ఒక్క సాయంత్రం కోసం పిన్ని శుక్రవారం సెలవు వదులుకుందని కూడా అమ్మ అప్పుడే చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

తాతయ్య నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చెయ్యి పట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టారు. "ఏడిస్తే ఏం కనపడుద్దే? మీ పిన్ని కోసం చూడు. ఒక్కటీ వదలకుండా చూడు" అన్నారు. అలా నేను దేన్నీ ఎప్పుడూ చూడలేదు. కథలో మేనత్త ముక్కుపుడక, వంటింటి గోడ రంగు, బస్సు వెనక పరిగెడుతూ చిన్నపిల్ల పారేసుకున్న చెప్పు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా తాతయ్య ప్రశ్నలు వేసేవారు. తప్పు చెబితే మళ్లీ గుర్తు చేసుకోమనేవారు.

ఎనిమిది కాకముందే పిన్ని వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది, తలలో మల్లెపూలు పెట్టుకుంది. చెప్పులు లేని గుమ్మాన్నీ ఖాళీ చాపనూ చూసి, "ఎవరూ రాలేదేటక్కా? నేనే ముందొచ్చేసేనా?" అంది. అమ్మ నోరు తెరవబోతుంటే తాతయ్య నా వైపు చూశారు. నేనే చెప్పాను.

పిన్ని కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు హాయిగా ఉండేది. గోడకు చేరగిలబడి, కట్టేసిన టీవీ వంక కాసేపు చూసి, "పోన్లే, చిన్నపిల్లవి" అంది. తర్వాత తనలో తాను, "మరి దానికేం చెప్పను?" అనుకుంది. అప్పుడు నేను లేచి పాట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. గదిలో అటూ ఇటూ పరిగెత్తి బస్సు సీను కూడా చేసి చూపించాను. పిన్ని పాఠం వింటున్నట్టు విన్నది.

ఫోన్ కలపగానే ఆ పిల్ల ఎత్తింది. అప్పటిదాకా ఫోన్ పక్కనే కూర్చుందట. చూశావా అని అడిగితే పిన్ని నా ముఖం చూసి, "చూసేనే" అంది. అవతలి మాటలు నాకూ వినిపిస్తున్నాయి. "మాకు కరెంటు పోయిందమ్మా. పాట కూడా చూడలేదు. నువ్వు చెప్పు."

పిన్ని చెప్పింది. మరిచిపోయిన చోట నేను ముక్కు చూపిస్తే ముక్కుపుడక, కాలెత్తితే చెప్పు. అటు నుంచి ప్రశ్న మీద ప్రశ్న. ఊఁ, ఆఁలు ఎటు పోయాయో! బస్సులో వెళ్లిపోయింది ఎవరని అడిగింది ఆ పిల్ల. "వాళ్లమ్మ" అంది పిన్ని. అటు నుంచి, "మళ్లీ వత్తాదా?" అని వినిపించింది.

పిన్ని నా వైపు చూసింది. నా దగ్గర సైగ లేదు. అది మొదటి భాగమే కదా. "వత్తాదమ్మా" అంది పిన్ని. కార్డు అయిపోయి ఫోన్ కట్ అయింది.

అంతా మంచికే జరిగిందని అమ్మ అంది. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. సెలవు వదులుకుని తెచ్చుకున్న సాయంత్రాన్ని నేను ఆమెచేత కట్టేసిన టీవీ ముందు గడిపించాను. ఈ రోజుకీ ఎవరైనా టైము అడిగితే చేతిలో పని ఆపుతాను. వాళ్ల ముఖం చూసి, ఎక్కడి టైము కావాలో కనుక్కుని చెబుతాను. మా పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, మల్లెపూలు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని వాళ్లు చూడలేదు.